గోడ దూకిన కండక్టరు

“లేదండీ. మా అన్నయ్య ఈ గడప తొక్కి ఆర్నెల్లు దాటింది.”

అబద్ధం ఇంత సాఫీగా వస్తుందని పిచుక అనుకోలేదు. గొంతు వణకలేదు. చేతులే ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల మీదున్న గలేబు గుడ్డను మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

కళ్ళజోడాయన ఆ మడతల కేసి చూశాడు. ఆయన పార్టీ ఆఫీసు మనిషి. చాలా మర్యాదస్తుడు, అందుకే భయం. వస్తూనే చెప్పులు బయట విడిచాడు. గోడకు వరసగా నిలబెట్టిన పరుపుల్ని ఒక్కొక్కటే అరచేత్తో నొక్కుతూ లోపలికి వచ్చాడు.

“ఇది దూదా, ఫోమా?”

“కొబ్బరి పీచు. పైన పలచగా ఫోమ్,” అన్నాడు పిచుక మొగుడు తలెత్తకుండా. వీధిలో అందరూ ఆయన్ని పరుపులాయన అంటారు. నేల మీద కూర్చుని ఒక పెద్ద పరుపు అంచుకి దబ్బనంతో కుట్టు వేస్తున్నాడు. పొద్దుటి నుంచీ అదే అంచు కుడుతున్నాడు.

“నడుం నొప్పికి మంచిదంటారు.” కళ్ళజోడాయన దాని మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని చూశాడు. “రేపు పొద్దున పార్లమెంటులో బస్సుల బిల్లు మీద ఓటమ్మా. ఒక్క ఓటు అటూ ఇటూగా ఉంది. అది పోతే ప్రభుత్వమే పోతుంది. అందుకని మా మెంబర్లందర్నీ ఊరవతల గెస్ట్‌హౌస్‌లో ఉంచి కంటికి రెప్పలా చూసుకుంటున్నాం. తెల్లారి చూస్తే మీ అన్నగారి మంచం ఖాళీ. ప్రహరీ మీద గాజుపెంకులకి చొక్కా పీలిక వేలాడుతోంది. దెబ్బ ఎక్కడ తగిలించుకున్నారో పాపం, అదే మా బెంగ.”

“అయ్యో,” అంది పిచుక.

“ఫోనన్నా చేద్దామంటే, అది మా దగ్గరే ఉండిపోయింది.”

“అందరి ఫోన్లూ మీ దగ్గరే ఉంటాయి కాబోలు,” అన్నాడు పరుపులాయన.

కళ్ళజోడాయన నొచ్చుకోలేదు. నవ్వి లేచాడు. “వస్తే ఒక్కమాట చెప్పండి. ఎవరికీ కోపం లేదని. ఇంట్లో మనిషి అలిగాడు, అంతే. మేం ఎదురుగానే ఉంటాం.”

నిజంగానే ఎదురుగా ఉన్నారు. రోడ్డవతల మందుల షాపు ముందు తెల్లకారు ఆపి, అద్దాలు దించి, ఆయనా డ్రైవరూ కూర్చున్నారు.

పిచుక షట్టరు సగానికి దించింది.

“అయిందా?” అన్నాడు పరుపులాయన.

“మెల్లిగా.”

“మెల్లిగానే అంటున్నా. ఏకు మేకై కూర్చుంటుందని మా నాన్న అస్తమానూ అనేవాడు. దూది ఏకుకునే మనిషి కదా, దూది సామెతే వచ్చనుకునేవాణ్ణి.”

“అంటే మా అన్నయ్య మేకా?”

“మేకయితే నయం. కట్టేస్తే పడుంటుంది.”

ఇంకో రోజయితే పిచుక నవ్వేసేది. ఈరోజు నవ్వలేదు.

“డిపోలన్నీ అమ్మేస్తారట. ఈ వీధి చివరున్న డిపోతో సహా. దానికి చెయ్యెత్తమంటే ఎత్తలేక వచ్చాడు. తనతో పనిచేసిన వాళ్ళ నోట్లో మన్ను కొట్టలేక వచ్చాడు. అలాంటి మనిషికి ఒక్కపూట చోటివ్వలేమా మనం?”

“చోటుకేం కరువు, గోదాం నిండా పరుపులే. ఎక్కడ పడితే అక్కడ పడుకోమను. తర్వాత మనం ఎక్కడ పడుకోవాలో చూసుకోవాలి.”

“ఏం చేస్తారేమిటి వాళ్ళు?”

పరుపులాయన దబ్బనంలో దారం ఎక్కించబోయి తప్పాడు. తడిచేసుకుని మళ్ళీ ఎక్కించబోయి మళ్ళీ తప్పాడు. పాతికేళ్ళుగా చేస్తున్న పని.

“ఏంటండీ?” అంది పిచుక.

“ఏం లేదు. ముందు ఆయనకి అన్నం పెట్టు.”

*

గోదాములో కిటికీ లేదు. ఫోమ్ దిమ్మలు ఒకవైపు, కొబ్బరి పీచు పలకలు ఒకవైపు కప్పు దాకా ఉన్నాయి. మధ్య సందులో కండక్టరు అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇరవై ఏళ్ళు బస్సులో తిరిగిన అలవాటేమో, పక్కల్ని తాకకుండా ఒడుపుగా నడుస్తున్నాడు.

పార్లమెంటు మెంబరై రెండేళ్ళయినా ఆయన్ని ఈ వీధిలో ఎవరూ మెంబరు అనరు. కండక్టరనే అంటారు. ఆయన యూనియన్ పెట్టి జీతాలు పెంచించాడు. పార్టీ పిలిచి నిలబెట్టినప్పుడు, “జీవితమంతా టికెట్లు కొట్టినవాడికి ఇన్నాళ్ళకి ఒక టికెట్టు దొరికింది” అని డిపో అంతా నవ్వుకుంది. నవ్వుకుంటూనే టికెట్ల సంచీ పట్టుకుని ఇంటింటికీ తిరిగి చందా పోగుచేసింది. ఆ సంచీ మోసినవాళ్ళలో పిచుక కూడా ఉంది.

“కూర్చుని తిను అన్నయ్యా.”

“నిలబడి తినడమే అలవాటే నాకు. కూర్చుంటే దిగదు.” గుడ్డ చుట్టిన ఎడమచేత్తో కంచం పట్టుకుని ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకోలేదు. “వెళ్ళిపోయారా?”

“ఎదురుగానే ఉన్నారు.”

“వెనక సందులో?”

“ఎవరూ లేరు.”

“సరిగ్గా చూశావా? ఆ చెత్తకుండీ అవతల?”

“చూశాను. ఎందుకంత కంగారు? నువ్వేం దొంగతనం చేశావని?” పిచుక నీళ్ళ గ్లాసు అందించింది. “రేపు అందరూ చెయ్యెత్తి, నువ్వొక్కడివీ చేతులు కట్టుకుని కూర్చున్నప్పుడు వాళ్ళ మొహాలు చూడాలనుంది నాకు. టీవీలో చూపిస్తారు కదూ?”

“చూపిస్తారు.” ఆయన నీళ్ళు తాగి గ్లాసు తిరిగిచ్చాడు. చెల్లెలి మొహంలోకి చూడలేదు. “పిచుకా, ఫోను ఒకసారి ఇవ్వు.”

“మళ్ళీనా?”

“లాయరుతో మాట్లాడాలి. రేపు గేటు దగ్గర ఆపితే ఏం చెయ్యాలో కనుక్కోవద్దూ?”

పిచుక ఇచ్చింది. ఆయన కంచం ఫోమ్ దిమ్మ మీద పెట్టి, పీచు పలకల వెనక్కి వెళ్ళి, గొంతు తగ్గించి మాట్లాడాడు. ఒక్క మాటా వినిపించలేదు. వినాలని ఆమె కూడా అనుకోలేదు. అన్నం కలిపింది కలిపినట్టే ఉంది. ఎంత నలిగిపోతున్నాడో అనుకుని కంచం మీద మూతపెట్టి వచ్చేసింది.

ఆమె వంటింట్లోకి వచ్చేసరికి పెరటి తలుపు ఎవరో గోటితో గీరుతున్నట్టు కొడుతున్నారు.

తలుపు తీస్తే వదిన. చేతిలో పెద్ద పెట్టె.

“ముందు నీళ్ళివ్వవే తల్లీ. ఎవరూ చూడకూడదని సందు మొదట్లోనే ఆటో దిగి నడిచొచ్చా. ఈ పెట్టెకి ఒక చక్రం ఊడింది. గరగరమని ఊరంతా లేపింది.” గుమ్మంలోనే చతికిలబడి విసురుకుంది. “పడుకున్నాడా? తిన్నాడా? చెయ్యి బాగా తెగిందా?”

“నువ్వెందుకొచ్చావు వదినా? ఇక్కడున్నాడని నీకెవరు చెప్పారు?”

“మీ అన్నే. నీ ఫోన్లోంచి చేశాడుగా, పొద్దున.”

పొద్దున కూడా లాయరుకే అన్నాడు. పిచుక గ్లాసు నింపి ఇచ్చింది.

“బట్టలు సర్దుకు రమ్మన్నాడు. సాయంత్రం వెనక సందులోకి కారొస్తుందట. రాత్రికల్లా రాజధాని. ఓటయ్యాక కొన్నాళ్ళు అక్కడే ఉండటం మంచిదట. ఇల్లు కూడా చూసిపెట్టారు. బాల్కనీలోంచి నది కనిపిస్తుందటే!” వదిన గుటకల మధ్య చెప్పింది. “అద్దె ఇల్లు కాదు. మన పేరనే పెడతారట.”

“ఎవరు?”

“అదే. వాళ్ళు. రెండో కంపెనీవాళ్ళు.”

వదిన గ్లాసు కింద పెట్టింది. ఆడపడుచు మొహం చూసి, పెట్టె చూసి, మళ్ళీ మొహం చూసింది.

“మీ అన్న నీకు చెప్పలేదూ?”

*

“లాయరేమన్నాడు?” అంది పిచుక, వదినతో గోదాములోకి వస్తూనే.

“చూద్దామన్నాడు.”

“బాల్కనీలోంచి నది కనిపిస్తుందన్నాడా?”

కండక్టరు పెళ్ళాం వైపు చూశాడు. వదిన పెట్టెకి ఊడిపోయిన చక్రం వైపు చూసింది.

డిపోలోంచి బస్సు బయల్దేరిన చప్పుడు. ఆ బస్సు వీధి మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా ముగ్గురూ అలాగే నిలబడ్డారు.

“చెప్తాను. మధ్యలో అడ్డం రాకు,” అన్నాడు కండక్టరు. “డిపోలు కొనేది ఒక కంపెనీ. పోయిన ఎన్నికల్లో మా పార్టీ ఖర్చంతా వాళ్ళే పెట్టుకున్నారు. నా ఎన్నికతో సహా. సంచీ పట్టుకుని మీరు తెచ్చింది జెండాలకి కూడా రాలేదే పిచుకా. మీ మనసు నొప్పించడం ఎందుకని చెప్పలేదు. ఆ ఖర్చు రాబట్టుకోవడానికే ఈ బిల్లు. వాళ్ళకి దక్కకూడదని ఇంకో కంపెనీ నన్ను పట్టుకుంది. బిల్లు ఓడితే ప్రభుత్వం పడుతుంది. అవతలి పార్టీ వస్తుంది.”

“అప్పుడు డిపోలు ఉంటాయా?”

“కొన్నాళ్ళుంటాయి.”

“తర్వాత?”

“తర్వాత రెండోవాళ్ళు తీసుకుంటారు. ఎవరో ఒకరు తీసుకునేవాళ్ళేనే! నేను ఆపగలనా?”

“మనసొప్పక గోడ దూకావనుకున్నాను.”

“ఒప్పలేదు! ఒట్టు. ఆ గెస్ట్‌హౌస్‌లో నాకు కంటిమీద కునుకు లేదు. గదికో కాపలా. బాత్రూంకి వెళ్తే బయట మనిషి. నా పక్క మంచం మెంబరు ఏమన్నాడో తెలుసా? ‘మనం సంతలో గొడ్లకన్నా కనాకష్టం బాబాయ్, గొడ్డుకైతే కనీసం పళ్ళు చూసి ధర చెప్తారు’ అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాక ఏడుపొచ్చింది.” కండక్టరు గుడ్డ చుట్టిన చెయ్యి గుండెలకి ఆనించుకున్నాడు. “ఇప్పుడు నువ్వు చెప్పు. నేను వెయ్యబోయేది మంచి ఓటా, చెడ్డ ఓటా? నువ్వు కోరుకున్న ఓటే. డిపోలో వాళ్ళు కోరుకున్న ఓటే. ఉత్తపుణ్యానికి వేస్తే మంచివాణ్ణి. అదే ఓటుకి ఒకడు డబ్బిస్తే చెడ్డవాణ్ణి. ఓటేమైనా మారిందా?”

ఆయన మాటలో తప్పుంది. ఆ తప్పు ఎక్కడుందో పిచుకకు తెలుస్తోంది, చేతికి దొరకడం లేదు.

“వాళ్ళు ఇవ్వకపోతే దూకేవాడివా?” అంది చివరికి.

“దూకేవాణ్ణి.”

అన్నాడు. కానీ కాస్త ఆగి అన్నాడు. ఆ ఆగడం వదినకు కూడా వినిపించింది.

“నన్ను అంతగా నిలదీస్తున్నావు గానీ,” ఆయన గొంతు ఉన్నట్టుండి హెచ్చింది, “ఆసుపత్రి ఆర్డరు ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నావ్?”

“బావా.” పరుపులాయన గోదాం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. “అది వద్దు బావా.”

“ఎందుకు వద్దు? నాలుగు వందల పరుపులు! ఊళ్ళో అంతంత కంపెనీలుండగా మీ కొట్టుకే ఎందుకిచ్చారు? ఎదురుగా కార్లో కూర్చున్నాడే, ఆ కళ్ళజోడాయనకి నేను ఒక్క ఫోన్ చేశాను. అందుకిచ్చారు.”

ఆ ఆర్డరుతోనే కొట్టు నిలబడింది. అప్పులవాళ్ళు గుమ్మం ఎక్కడం మానేశారు. పిచుక ఆ సంగతి కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకుంది.

“మన కుట్టు చూసి ఇచ్చారని మీరేగా అన్నారు?” అంది మొగుడితో.

“కుట్టు బాగానే ఉంటుంది,” అన్నాడు పరుపులాయన నెమ్మదిగా. “వాళ్ళు చూడలేదు, అంతే.”

“మీకు తెలుసన్నమాట.”

“తెలుసు. నువ్వు కుట్టుమిషను అమ్మేద్దామన్న రోజులవి. తెలియకపోతే నువ్వైనా హాయిగా ఉంటావనుకున్నా.”

పిచుక ఫోమ్ దిమ్మ మీద కూలబడింది. అది మెత్తగా కిందికి దిగిపోయింది.

“అందరం తిన్నవాళ్ళమే,” అంది వదిన కొంగుతో మొహం తుడుచుకుంటూ. “ఇప్పుడు ఒకళ్ళనొకళ్ళం ఆడిపోసుకుని ఏం లాభం?”

కండక్టరు చెల్లెలి ముందు గొంతుక్కూర్చున్నాడు. చిన్నప్పుడు ఆమె జోడుకి తాడు కట్టేటప్పుడు అలాగే కూర్చునేవాడు.

“ఒక్క సాయం చెయ్యవే. కారొచ్చి రెండుసార్లు హారన్ కొడుతుంది. అప్పుడు ముందు గుమ్మంలో ఆ కళ్ళజోడాయన్ని మాటల్లో పెట్టు. ఐదు నిమిషాలు చాలు. నీ మాటయితే నమ్ముతాడు. నిన్ను చూస్తే అబద్ధమాడే మనిషనిపించదు.”

పిచుక అన్నచేతిలోంచి తన ఫోను తీసుకుని, లేచి, ముందు కొట్లోకి వెళ్ళిపోయింది. సరేనందో కాదందో అక్కడెవరికీ అర్థం కాలేదు.

*

ఎండ తగ్గింది. సగం దించిన షట్టరు కింద నిలబడి ఆమె తెల్లకారుని చూస్తోంది. కళ్ళజోడాయన ఆమెను చూశాడు. తీరిగ్గా దిగి, రోడ్డు దాటి, షట్టరు కింద వంగి లోపలికి వచ్చాడు. ఈసారి కూడా చెప్పులు బయటే విడిచాడు.

“ఆ పీచు పరుపు నాకొకటి కావాలమ్మా. ఇంటికి పంపించండి, డబ్బిచ్చే కొంటాను.” కాస్త ఆగాడు. “ఆసుపత్రి ఆర్డరు రెండో విడత సంతకానికి వచ్చింది. నా బల్ల మీదే ఉంది. ఇంకో రెండు ఆసుపత్రులు కూడా మనకిద్దామని అనుకుంటున్నారు.”

“మనకా?”

“మీరు మనవాళ్ళు కాదూ?” అన్నాడు ఆప్యాయంగా. “ఆయన లోపల ఉన్నారని నాకు పొద్దున్నే తెలుసు. నేను జొరబడి రాను. ఆడకూతురు కాపురం ఉన్న ఇల్లు. మీరు ‘లోపలికి రండి’ అనండి, చాలు. ఆయన మంచికే.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఈ రెంటిలో ఏది నుయ్యో ఏది గొయ్యో కూడా పిచుకకు తెలియడం లేదు. అడిగినవాళ్ళిద్దరూ పెద్దగా ఏమీ అడగలేదు. ఒకరు ఐదు నిమిషాలు. ఇంకొకరు రెండు మాటలు.

వెనక పరుపులాయన అడుగుల చప్పుడు. “ఆర్డరు సంగతి మనసులో పెట్టుకోకు,” అన్నాడు. “నీకేది తోస్తే అది చెయ్యి.”

డిపోలో షిఫ్టు మారింది. పని దిగినవాళ్ళు భుజాలకి సంచీలు తగిలించుకుని గుంపులు గుంపులుగా వీధిలోకి వస్తున్నారు. అందరికన్నా ముందు పెద్ద డ్రైవరు, కుంటుకుంటూ. కండక్టరు బస్సులో ఉన్నన్నాళ్ళూ స్టీరింగు దగ్గర కూర్చున్నది ఆయనే.

పిచుక షట్టరుని రెండు చేతులా పట్టుకుని పైకంటా ఎత్తేసింది. ఆ చప్పుడుకి వీధంతా తిరిగి చూసింది.

“పెద్దన్నా! ఇలా రండి! అందరూ రండి! మా అన్నయ్య వచ్చాడు!”

కళ్ళజోడాయన పక్కకి జరిగాడు. ఒక్క క్షణం ఆయన మొహంలో మర్యాద లేదు.

జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారు. కొట్టు నిండిపోయింది. నిలబెట్టిన పరుపులు ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. గోల విని కండక్టరు గోదాం గుమ్మంలోకి వచ్చాడు. చూశాడు. వెనక్కి తగ్గబోయాడు. అప్పటికే పెద్ద డ్రైవరు ఆయన్ని కావలించుకున్నాడు.

“మాకోసం గోడ దూకావటగా! పొద్దుటి నుంచీ డిపోలో అదే కబురు. ఒరేయ్, చెయ్యి చూడండ్రా, ఎట్లా కోసుకుపోయిందో!”

ఎవరో ఈల వేశారు. ఎవరో ఆయన గుడ్డ చుట్టిన చేతిని పట్టుకుని పైకెత్తారు. కండక్టరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నిజం నీళ్ళేనని పిచుకకు తెలుసు. పక్కన నిలబడి చూడటం అందుకే కష్టంగా ఉంది.

“నేను ఉన్నంతకాలం,” అన్నాడు ఆయన, “మీ డిపో మీద ఎవడి చెయ్యీ పడనివ్వను!”

చప్పట్లు మోగాయి. ఫుట్‌బోర్డు మీద నిలబడి కేకేసే పాత గొంతే అది. ఆ మాట అంటున్నంతసేపూ ఆయన చూసింది మాత్రం జనాన్ని కాదు, చెల్లెల్ని.

వెనక సందులో హారన్ మోగింది. ఆగి మళ్ళీ మోగింది.

చప్పట్లు పలచబడ్డాయి. గోదాం అవతలి నుంచి ఏదో బరువైనదాన్ని నేల మీద గరగరా ఈడుస్తున్న శబ్దం వచ్చి, టక్కున ఆగిపోయింది.

“ఈ సందులోకి కారెందుకొచ్చింది?” అన్నాడు పెద్ద డ్రైవరు. “తిప్పుకోడానికి కూడా చోటుండదే.”

“ఎవరో దారి తప్పి ఉంటారులే,” అన్నాడు కండక్టరు.

“దారి తప్పినవాడు ఆగి హారన్ కొట్టడు. ఎవరినో ఎక్కించుకునేవాడు కొడతాడు.” పెద్ద డ్రైవరు నవ్వుతూనే పిచుక వైపు తిరిగాడు. “ఎవరమ్మా? ఇంకెవరైనా వచ్చారా?”

అందరూ ఆమె వైపు చూశారు. అన్న చూశాడు. కళ్ళజోడాయన చూశాడు. పరుపులాయన మాత్రం తల దించుకుని, ఒరిగిన పరుపుల్ని ఒక్కొక్కటే నిలబెడుతున్నాడు.

“పెరటి తలుపు గడియ వెయ్యలేదు పెద్దన్నా,” అంది పిచుక. “మీరే వెళ్ళి చూడండి.”

చెప్పి, దారి వదిలి నిలబడింది.

పెద్ద డ్రైవరు గోదాం వైపు కుంటుకుంటూ నడిచాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు. కండక్టరు రెండు చేతులూ ద్వారబంధానికి చెరోవైపు ఆనించి అడ్డంగా నిలబడ్డాడు.

ముసలాయన ఆ మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆయన నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు.

“జరుగు కండక్టరూ,” అన్నాడు మెల్లిగా.